నలభై ఏడో నంబరుకు పాలసీ

శనివారం పొద్దున పది గంటలకు వర్లిన్ హేగర్ తన కొడుకు పడవను పందెం గీత మీద నిలబెట్టాలి. నిలబెట్టాలంటే శుక్రవారం సాయంత్రం అయిదుకల్లా కమిటీ చేతిలో ఇన్సూరెన్స్ కాగితం ఉండాలి. బుధవారం పొద్దుటికి ఆ పడవకు పాలసీ ఇస్తానన్న కంపెనీ ఒక్కటే మిగిలింది. ఆ కంపెనీ పెట్టిన షరతు నేను.

నా పేరు రస్ టిల్మన్. ఓజార్క్స్ సరస్సు మీద ఇరవై ఆరేళ్లుగా పడవల సర్వేయర్ని. చేపలు పట్టే పడవకు ఇన్సూరెన్స్ కావాలంటే నాతో పనిలేదు, ఒక ఫోనుతో అయిపోతుంది. గంటకు వంద మైళ్లు దాటే పడవ సంగతి వేరు. కంపెనీల లెక్కలో అది పడవ కాదు, మందు దట్టించిన తుపాకీ. ముందు నాలాంటివాడు దాన్ని అంగుళం అంగుళం తట్టి చూడాలి. తర్వాత నడిపే మనిషి తన అనుభవ పత్రం నింపాలి: ఏ పడవలు, ఎన్నేళ్లు, ఎంత వేగం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ప్రమాదాలేమైనా ఉన్నాయా. చివరికి అతను నడుపుతుంటే నేను పక్కన కూర్చుని చూసి, సరే అని సంతకం పెట్టాలి. పాలసీలో పేరున్న మనిషి తప్ప ఇంకొకరు స్టీరింగ్ పట్టుకుంటే ఆ పాలసీ చిత్తు కాగితం. కాబట్టి పడవ ఎలాంటిది అనే దానికంటే ఆ పేరు ఎవరిది అన్నదే కంపెనీకి ముఖ్యం.

ఈసారి పేరు డెబ్బై రెండేళ్ల మనిషిది. రెండేళ్ల కిందట ఆ పడవ నడుపుతూ పోయినవాడు అతని కొడుకు కోల్బీ.

పందెంలో కోల్బీ నంబరు నలభై ఏడు. మా సరస్సు మీద ఒక పద్ధతి ఉంది. పందెగాడు పోతే అతని నంబరును రెండేళ్లు ఎవరికీ ఇవ్వరు. ఆ రెండేళ్లలో ఇంటివాళ్లు ఎవరైనా అదే పడవను ఒక్కసారి గీత నుంచి గీత దాకా, మైలు దూరం నడిపితే ఆ నంబరు ఇక శాశ్వతంగా ఆ ఇంటిది. నడపకపోతే మూడో ఏడు ఎవరు అడిగితే వాళ్లది. మొదటి ఏడు వర్లిన్ పడవ మీది గుడ్డ కూడా తీయలేదు. ఇది రెండో ఏడు.

ఈ పని నాకు ఇవ్వొద్దని ఏజెంటు మార్లీన్‌తో ఫోన్లో చెప్పాను. వర్లిన్ నాకు తెలిసినవాడు మాత్రమే కాదు, అంతకంటే ఎక్కువ. వయసులో ఉన్నప్పుడు పదకొండు సీజన్లు ఒకే పడవలో పక్కపక్కన నిలబడి పందాలు ఆడాం. స్టీరింగ్ అతనిది, వేగం పెంచి తగ్గించే థ్రాటిల్ నాది. ఇప్పటికీ అతన్ని కెప్టెన్ అనే పిలుస్తాను.

మార్లీన్ అంతా విని, "ఆయనతో సంబంధం లేనివాడు ఈ సరస్సు మీద ఎవడున్నాడో చెప్పు, వాణ్ణే పంపిస్తా. బాతుల్ని పంపమంటావా?" అంది.

నేను వద్దన్న అసలు కారణం ఆమెకు చెప్పలేదు.

ఆ కారణం ఒక ఎర్ర తాడు. వేగం పడవలన్నిటికీ ఉంటుంది, మూరెడు పొడవు. ఒక కొస స్టీరింగ్ పక్కన స్విచ్‌లో ఉంటుంది. రెండో కొసకున్న కొక్కెం నడిపేవాడి లైఫ్ జాకెట్ రింగుకు తగిలించుకోవాలి. మనిషి పడవలోంచి ఎగిరిపోతే తాడు లాగుతుంది, స్విచ్ ఊడుతుంది, ఇంజన్లు ఆగుతాయి. ఆగకపోతే మనిషి లేని పడవ తిన్నగా పోదు. స్టీరింగ్ ఒక పక్కకు వాలి గుండ్రంగా తిరుగుతుంది. తిరిగి, వదిలేసిన మనిషి దగ్గరికే వస్తుంది.

ఆ రోజు కోల్బీ ఒక్కడే ప్రాక్టీసు చేస్తున్నది సరస్సు మీద ఇరవై ఒకటో మైలు గుర్తు దగ్గర. పెద్ద విహార నౌక ఒకటి వదిలిన అలను తొంభై మైళ్ల వేగంలో ఢీకొట్టాడు. ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్న మనిషి చూశాడు: కుర్రాడు నీళ్లలో పడ్డాడు, తేలాడు, బాగానే ఉన్నానన్నట్టు చేయి కూడా ఎత్తాడు. పడవ తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రం పడవను చూసిన సర్వేయర్ని నేను. తాడు స్విచ్‌లోనే ఉంది. రెండో కొస డ్రైవరు సీటు పక్కన, పట్టుకోవడానికి బిగించిన స్టీలు పిడికి తగిలించి ఉంది. నేను తాడు లాగి చూశాను. మొదటిసారికే ఇంజన్లు ఆగాయి.

ఆసుపత్రి వరండాలో వర్లిన్ నా చొక్కా పట్టుకుని, స్విచ్ పాడైందా అని అడిగాడు. నేను తల ఊపాను.

అంతే. నోటితో ఒక్క మాట అనలేదు. ఆ తల ఊపు మీద అతను రెండేళ్లు బతికాడు.

*

బుధవారం షెడ్డుకు వెళ్లే ముందు కోల్బీ భార్య డీనా పనిచేసే పెట్రోలు డాకు, అంటే పడవలకు పెట్రోలు పోసే రేవు, దగ్గర ఆగాను. ఆమె ఒక పడవకు పెట్రోలు కొడుతూ నన్ను చూసింది. పైపు పక్కనబెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చింది. గుడ్ మార్నింగ్ కూడా లేదు.

"పోలీసు రిపోర్టు ఇంకా మా ఇంట్లో బట్టలారబెట్టే మిషను వెనకే ఉంది, రస్ అంకుల్. ఆయన అడగలేదు, నేను చూపించలేదు."

నేనూ చెప్పదలచుకోలేదన్నాను.

"నడపనీ ఆయన్ని. ఒక్క మైలు. తర్వాత పడవ అమ్మేస్తానని నాకు మాటిచ్చాడు. ఈలోగా ఆ స్విచ్‌ని ఎంత తిట్టుకుంటాడో తిట్టుకోనీ. స్విచ్‌కేం నొప్పి?"

సరేనన్నాను. మాట ఇవ్వడం తేలిక. అప్పటికి నేను పడవ ఎక్కలేదు.

వర్లిన్ షెడ్డు తలుపులు బార్లా తీసి, కాఫీ ఫ్లాస్కు, డీనా పంపిన మెత్తటి రొట్టెలూ గ్రేవీ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు. రెండేళ్లలో గీసుకున్న గడ్డంతో అతన్ని చూడటం అదే మొదలు.

"రండి ఇన్స్పెక్టరు దొరగారూ. బూట్లు విప్పి ఎక్కు. అది నీ ట్రక్కు కాదు," అన్నాడు.

ఇరవై తొమ్మిది అడుగుల జంట పొట్టల పడవ, అడుగుభాగం రెండుగా చీలి ఉంటుంది, పసుపు రంగు, వెనక రెండు ఇంజన్లు. పక్కన నల్లటి అక్షరాలతో 'సెకండ్ షిఫ్ట్' అని పేరు. తండ్రీ కొడుకులిద్దరూ పగలంతా జనం ఇళ్ల ముందు పడవలు నిలుపుకునే డాకులు కట్టేవాళ్లు. సాయంత్రం అయిదు తర్వాత ఈ షెడ్డులో రెండో డ్యూటీ. నాలుగేళ్లు పట్టింది.

చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయాను. గట్టిగా ఉన్న చోట టక్కుమని పలుకుతుంది, లోపల నీరు పట్టిన చోట మొద్దుగా మోగుతుంది. ఎక్కడా మొద్దుగా మోగలేదు. ఎడమ పొట్ట ముక్కు దగ్గర అరచేయంత మేర రంగు కాస్త కొత్తగా ఉంది. అక్కడ అతికింది వర్లినే. నేను ఆ చోటికి వచ్చేసరికి అతను ఫ్లాస్కు మూత తిప్పుకుంటూ గోడ వైపు చూస్తున్నాడు. తట్టాను. మిగతా పడవంతటికంటే అక్కడే గట్టిగా పలికింది.

"ఇటు రా, నీకొకటి చూపిస్తా," అన్నాడు చివర్లో. స్టీరింగ్ పక్కకు తీసుకెళ్లాడు. ఒక స్విచ్ ఉండాల్సిన చోట రెండున్నాయి. రెండు తాళ్లు, రెండూ కొత్తవి, రెండూ ఎర్రవి. ఒకటి మోసం చేస్తే ఇంకొకటి ఉంటుందట. చలికాలమంతా కూర్చుని వైర్లు తనే వేశాడట. ఈ రెండోది అప్పుడే తట్టి ఉంటే, అని ఆగి, మిగతాది అనలేదు.

రెండు స్విచ్‌లు లాగి చూశాను. రెండూ పనిచేశాయి. రిపోర్టులో రాసుకున్నాను.

అనుభవ పత్రం అతను అప్పటికే నింపి పెట్టాడు. పెద్ద అక్షరాలు, నీలం సిరా. నలభై ఒక్క ఏళ్లు, పదిహేడు పడవలు. తొమ్మిదో గడిలో ప్రశ్న: మీరు నడపడంలో గానీ మీరిచ్చిన శిక్షణలో గానీ లోపం వల్ల జరిగిన ప్రమాదాలు. దాని ఎదుట, 'లేవు' అని రాసి కింద గీత గీశాడు. అబద్ధమేమీ కాదు, అతని లెక్కలో కోల్బీని చంపింది స్విచ్. పత్రాన్ని మార్లీన్ పంపిన ఫైల్లో పెట్టాను. అందులో అడుగున ఆ పడవ పాత పాలసీ కాగితాలున్నాయి, కోల్బీ చేతిరాతతో. తిరగెయ్యకుండా ఫైలు మూశాను.

*

గురువారం పొద్దున ఏడింటికి నీళ్లు నూనెలా ఉన్నాయి. వర్లిన్ పాత పందెం జాకెట్ తొడుక్కున్నాడు. అది పొట్ట దగ్గర కలవడం లేదు. జాకెట్ ఉతికితే ముడుచుకుపోయిందని తనే చెప్పాడు. పదకొండు సీజన్లు ఉతకని జాకెట్ ఇప్పుడెందుకు ఉతికారని అడిగాను. నవ్వాడు. నేను ఎడమవైపు సీట్లో కూర్చున్నాను. నా చేయి దానంతటదే థ్రాటిల్ మీదికి పోయింది. అతను నా వేళ్ల మీద ఒకటి వేశాడు.

"పరీక్ష నాదిరా. నువ్వు రాసుకునేవాడివి."

బయల్దేరే ముందు నడిపేవాడు చేసే పనులన్నీ పైకి చెప్పాలని కంపెనీ నియమం. వర్లిన్ ఒక్కొక్కటీ చెబుతున్నాడు. అడుగున నీళ్లు చూశాను. పెట్రోలు వాసన లేదు. మంటలార్పే డబ్బా ఇక్కడ. జాకెట్ బిగించాను. తర్వాత నా వైపు తిరిగి, "ఇక తాడు. ముందు తాడు, తర్వాతే తాళం చెవి. వాడికి ఎనిమిదో ఏటి నుంచి రోజూ చెప్పిన మాట," అన్నాడు.

ఆ మాట అంటూండగానే అతని కుడి చేయి రెండు తాళ్లూ కలిపి పట్టుకుని, చూడకుండా, సీటు పక్కనున్న స్టీలు పిడికి తగిలించింది. టక్, టక్. తర్వాత తాళం చెవి తిప్పాడు.

నా కలం కాగితం మీద ఆగిపోయింది.

అతను నన్ను చూడలేదు, చేతిని కూడా చూసుకోలేదు. చూసుకోవాల్సిన పని అతనికి నలభై ఏళ్ల కిందటే పోయింది. మా పందెం రోజుల్లో ఇద్దరం నిలబడి నడిపేవాళ్లం. పడవ ఎగిరినప్పుడల్లా తాడు మోచేతికి తగులుకుని స్విచ్ ఊడేది, నడి పందెంలో ఇంజన్లు చచ్చేవి. రెండు పందాలు అలాగే పోయాయి. దాంతో మా తరం వాళ్లందరం ఒక ఉపాయం పట్టాం. తాడు సీటుకు తగిలించెయ్యడం. డ్రైవరు ఎగిరిపోయినా థ్రాటిల్ మీద చేయి వేసి పక్కనే ఇంకొకడు ఉంటాడు, వాడు ఆపుతాడు. ఆ పక్కవాణ్ణి నేను. నేనున్నంత కాలం ఆ తాడు ఎక్కడున్నా ఫరవాలేదు.

తర్వాత పడవలు మారాయి. థ్రాటిల్, స్టీరింగ్ రెండూ ఒక్క మనిషి చేతికే వచ్చాయి. చేతి అలవాటు మారలేదు. వర్లిన్ ఒళ్లో కూర్చుని నేర్చుకున్న కుర్రాడికి చెవికి వినబడింది ఒకటి, కంటికి కనబడింది ఇంకొకటి. వాడు కంటినే నమ్మాడు.

ఆపమని అప్పుడే అనాలి. అనలేదు.  పడవ కదిలింది.

అతను నడిపిన తీరు గురించి కంపెనీకి నేను రాసినదంతా నిజం. పంతొమ్మిదో మైలు దగ్గర ముక్కు లేచింది. ఎనభై దగ్గర పడవ నీళ్లను వదిలి గాలి మీద కూర్చుంది. తొంభై ఆరు. డెబ్బై రెండేళ్ల చేతులు స్టీరింగ్‌ని పసిపిల్ల తలను పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. ఎదురొచ్చిన ఒక అలను అరమైలు ముందే చూసి, వేగం ఎంత తగ్గించాలో అంతే తగ్గించి, దాటి, మళ్లీ అందుకున్నాడు. అతని కళ్లనుంచి నీళ్లు చెవుల వైపు పారుతున్నాయి. గాలికేమో, నాకు తెలియదు. నేనూ తుడుచుకున్నాను.

ఇరవై నాలుగో మైలు దగ్గర తిరిగి, ఇరవై ఒకటి దగ్గర తనే వేగం తగ్గించి పడవను న్యూట్రల్‌లో పెట్టాడు. ఇంజన్లు సన్నగా గుర్రుమంటున్నాయి. గాలం మనిషి కూర్చునే రాయి కనబడుతోంది.

పాసయ్యానా అని అడిగాడు. చిన్నపిల్లాడు అడిగినట్టే అడిగాడు.

నేను సంతకం పెడితే శనివారం ఇతను ఈ సీట్లో ఒక్కడే ఉంటాడు. రెండు స్విచ్‌లు, రెండు తాళ్లు, రెండూ సీటుకే. పెట్టకపోతే ఎందుకో చెప్పాలి. రెంటికీ మధ్య మూడో దారి కోసం వెతికాను. మా సరస్సు మీద దొరకని వస్తువు ఉందంటే అదే.

"కెప్టెన్, కుడి ఇంజను నీళ్లు సరిగ్గా చిమ్ముతోందో లేదో ఒకసారి చూసి చెప్పండి," అన్నాను.

ఇంజను చల్లబడుతోందో లేదో చూడటానికి ఎవరైనా చేసే పని. అతను లేచాడు. సీట్ల మధ్య నుంచి పది అడుగులు నడిచి పడవ వెనక్కి వెళ్లాడు. వంగి చూశాడు.

"భేషుగ్గా చిమ్ముతోంది. ఎందుకు అను..."

అక్కడ ఆగాడు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి. స్టీరింగ్ దగ్గర మనిషి లేడు, ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి.

నెమ్మదిగా నిటారుగా నిలబడి, వెనక్కి తిరిగి, తన సీటు వైపు చూశాడు. స్టీలు పిడికి రెండు ఎర్ర తాళ్లు వేలాడుతున్నాయి. పడవ ఊగినప్పుడల్లా అవీ ఊగుతున్నాయి.

"రస్సూ."

"కెప్టెన్."

"ఇవి ఆగలేదేం?"

నేను ఆ తాళ్లనే చూస్తున్నాను.

"రోజూ చెప్పేవాణ్ణి. ఒంటికి తగిలించుకోరా అని. నువ్వు విన్నావు కదా."

"విన్నాను. పక్కనే ఉన్నాను."

"మరి వాడు..." అని, తన కుడి చేయి ఎత్తి చూసుకున్నాడు. ముందు అరచేయి, తర్వాత వెనక వైపు. ఎవరో పరాయివాడి చేయి చూస్తున్నట్టు చూశాడు.

"ఆ రోజు వాడిది ఎక్కడుంది?"

"అక్కడే."

"స్విచ్ బాగానే ఉందా?"

"బాగానే ఉంది. లాగి చూశాను."

అతను వెనక బల్ల మీద కూర్చున్నాడు.  పక్కగా పోతున్న ఒక చేపల పడవలోంచి ఎవరో చేయి ఊపారు. అలవాటు ప్రకారం వర్లిన్ కూడా చేయి ఎత్తాడు, ఎత్తిన చేతిని వెంటనే దించేశాడు. ఆ నీళ్ల మీద, ఆ చోటే, చివరిసారి చేయి ఎత్తింది ఎవరో ఇద్దరికీ తెలుసు.

"నువ్వు తల ఊపావు," అన్నాడు.

"ఊపాను."

"మంచి పని చేశాననుకున్నావా?"

"ఆ రోజు అనుకున్నాను. అంతకుముందు కూడా తప్పు నాదే, కెప్టెన్. పదకొండేళ్లు ఆ తాడు సీటుకే ఉండటం చూశాను. కోల్బీకి అలాగే చూపించడమూ చూశాను. నేనున్నానుగా అనుకున్నాను. వాడి పక్కన నేను లేను కదా."

తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది. లేచి వచ్చి సీట్లో కూర్చున్నాడు. పిడికున్న తాళ్లు విప్పబోయాడు. నేను సాయం చేయబోతే మోచేత్తో తోసేశాడు. ఒకటి విప్పి జాకెట్ రింగుకు తగిలించాడు. రెండోది విప్పి దాన్నీ తగిలించాడు. రెంటినీ లాగి చూసుకున్నాడు. గేరు వేశాడు.

డాకు దాకా అయిదు మైళ్లు. ఆ పడవ మూడు నిమిషాల్లో పోగలదు. మేము చేరేసరికి గంట పట్టింది. ఒక్క అలైనా లేపలేదు.

*

షెడ్డులో బల్ల మీద కాగితాలు పరిచాను. నేను రాయాల్సింది దారిలోనే నిర్ణయించుకున్నాను: పాత అలవాటు ఒకటి గమనించి చెప్పాను, వెంటనే దిద్దుకున్నాడు, నడపడంలో అతనికి సాటి లేదు, పాలసీ ఇవ్వవచ్చు. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. మార్లీన్‌కు ఫోన్ కలిపి స్పీకరులో పెట్టి, అంతా బాగుంది, పదినిమిషాల్లో ఫొటోలు తీసి పంపిస్తున్నానన్నాను. కంపెనీవాళ్లు ఈ సాయంత్రమే పాలసీ ఇచ్చేస్తారని, పాలసీ రాదని, వస్తే శనివారం తమ టోపీలు నమిలి తింటామని పందెం కాసినవాళ్లు ఆఫీసులో ముగ్గురున్నారని ఆమె హుషారుగా చెబుతోంది.

వర్లిన్ నా పక్కకు వచ్చి, తన పత్రం ఇమ్మన్నాడు. ఫైలు లోంచి తనే లాగాడు. దాంతోపాటు అడుగునున్న కాగితం కూడా వచ్చింది.

కోల్బీ అనుభవ పత్రం. ఆరేళ్ల కిందటిది. వాడి రాత కోడి గీతలు, బళ్లో అందరూ నవ్వేవాళ్లు. 'శిక్షణ ఎవరి వద్ద?' అన్నచోట అందరూ ఏదో ఒక స్కూలు పేరు, సర్టిఫికెట్ నంబరు రాస్తారు. వాడు ఒకే మాట రాశాడు. 'నాన్న.' ఎన్నేళ్లు అన్నచోట, 'పుట్టినప్పటి నుంచి.'

వర్లిన్ ఆ కాగితాన్ని వెలుగులోకి పెట్టి చదివాడు. రెండోసారి చదివాడు. చొక్కా అంచుతో బల్ల మీద మరక తుడిచి, ఆ శుభ్రమైన చోట దాన్ని పెట్టాడు. తర్వాత నా జేబులోంచి కలం తీసుకున్నాడు. తన పత్రంలో తొమ్మిదో గడి దగ్గర 'లేవు' అన్న మాటను కొట్టేశాడు. దాని పక్కన రాశాడు:

ఒకటి. కోల్బీ హేగర్. నా శిక్షణ.

కింద ప్రమాదం జరిగిన తేదీ వేశాడు. ఆ తేదీ కోసం ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

నేను ఫోనులో జరిగింది చెప్పాను.  మార్లీన్ గొంతు చాలా మెత్తగా వచ్చింది. "వర్లిన్ గారూ, ఆ ఒక్క లైను ఉంటే కంపెనీ ఈ ఫైలు మూసేస్తుంది. కొత్త పత్రం ఇంకొకటి నింపండి. పాతది నేను చూడలేదు."

"నువ్వు చూడలేదమ్మా. నేను చూశాను కదా," అన్నాడు వర్లిన్.

పంపెయ్యమని నాకు చెప్పి బయటకు వెళ్లిపోయాడు. నేను ఫొటో తీయకుండా నిలబడ్డాను. తలుపు దగ్గర్నుంచి వెనక్కి చూసి, "ఈసారి తల ఊపకు. పంపు," అన్నాడు.

పంపాను.

సాయంత్రం డీనా డాకు మీద పెట్రోలు పైపులు చుడుతోంది. మేము అంత నెమ్మదిగా వెనక్కి రావడం ఆమె పొద్దున్నే చూసింది. నన్ను చూడగానే పైపు కింద పడేసింది.

"రెండేళ్లు మోశాను అంకుల్. ఆయన ముందు ఏడవకుండా, ఆ స్విచ్‌ని ఆయనతోపాటు తిడుతూ మోశాను. నువ్వు శనివారం దాకా మోయలేకపోయావా?"

"శనివారం ఆయన పక్కన నేనుండనమ్మా," అన్నాను. పొద్దున తాళ్లు ఎక్కడ తగిలించాడో చెప్పాను.

ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.  ఆ తర్వాత డాకు గేటుకు తాళం కూడా వేయకుండా షెడ్డు వైపు నడిచింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కంపెనీ జవాబు వచ్చింది. రెండు లైన్లు. విచారిస్తున్నామని ఒకటి, ఇవ్వలేమని ఒకటి.

*

శనివారం నేను పందానికి పోలేదు. వర్లిన్ షెడ్డుకు వెళ్లాను. తలుపు తీసే ఉంది. అతను పడవలో మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు. సీటు పక్కనున్న స్టీలు పిడిని విప్పుతున్నాడు. ఒక స్క్రూ అప్పటికే అతని జేబులో ఉంది.

నీళ్ల మీద నుంచి మైకు గొంతు స్పష్టంగా వినబడుతోంది. గీత మీద ముప్ఫై పడవలకు పైగా ఉన్నట్టున్నాయి, షెడ్డు రేకులు అదురుతున్నాయి. నంబర్లు ఒక్కొక్కటీ పిలుస్తున్నారు. నలభై నాలుగు. నలభై ఆరు.

నలభై ఏడు.

వర్లిన్ రెండో స్క్రూ తీశాడు.

నలభై ఏడు, హేగర్ కుటుంబం, అని రెండోసారి పిలిచారు. మూడో స్క్రూ కాస్త సతాయించింది. మూడోసారి పిలిచేముందు మైకు కొంచెం ఎక్కువసేపే ఆగింది. ఎవరో వస్తారని చూస్తున్నారు కాబోలు.

పోయినవాడి నంబరుకు మూడో పిలుపు మీద కూడా జవాబు రాకపోతే, గీత మీదున్న పడవలన్నీ ఒక నిమిషం ఇంజన్లు ఆపుతాయి. తాళం చెవితో ఆపరు. ఎర్ర తాడు లాగి ఆపుతారు. అది ఎవరు మొదలెట్టారో ఎవరికీ తెలియదు.

మూడోసారి పిలిచారు.

రేకుల అదురు ఒక్కసారిగా ఆగిపోయింది. సరస్సంతా నిశ్శబ్దం. దూరంగా ఏదో పడవ డాకుకు తగులుతున్న చప్పుడు కూడా వినబడింది. వర్లిన్ తల ఎత్తి, వాకిట్లోంచి నీళ్ల వైపు చూశాడు. అతని పెదవులు కదులుతున్నాయి. లెక్క పెడుతున్నాడని కాసేపటికి అర్థమైంది. ముప్ఫై మంది కుర్రాళ్లు, ముప్ఫై తాళ్లు, అన్నీ పనిచేశాయి.

నిమిషం అయింది. ఇంజన్లు మళ్లీ అందుకున్నాయి. అతను తల దించి నాలుగో స్క్రూ దగ్గరికి వచ్చాడు. అది తుప్పు పట్టి ఉంది. తల అరిగిపోయి స్క్రూడ్రైవరు జారిపోతోంది. నేను చేస్తానన్నాను. వద్దని తల అడ్డంగా ఊపాడు.

మధ్యాహ్నం దాకా పట్టింది.